రాత్రి పూట ఎంతమంది ఉంటారు?

తల్లినో తండ్రినో కేర్ హోమ్‌లో చేర్చాల్సి వచ్చిన స్నేహితులు ఈమధ్య నన్ను సలహా అడుగుతున్నారు. మా పెద్దమ్మ చివరి కొన్నేళ్లు అలాంటి చోటే గడిపింది కాబట్టి నాకు కాస్త తెలుస్తుందని వాళ్ల నమ్మకం. నాలుగైదు హోమ్‌లు చూసి వచ్చి వాళ్లు చెప్పేది ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గదులు శుభ్రంగా ఉన్నాయి, వాసన లేదు, చిన్న తోట ఉంది, ప్రతి మూలా కెమెరా ఉంది, పెద్దవాళ్లంతా హాల్లో ప్రశాంతంగా కూర్చున్నారు, మేనేజర్ మర్యాదగా మాట్లాడాడు. అంతా విన్నాక నేను ఒకటే అడుగుతాను. రాత్రి రెండు గంటలకు అక్కడ డ్యూటీలో ఎంతమంది ఉంటారు?

ఠక్కున జవాబు చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు. అడగాలని తోచలేదంటారు. తోచకపోవడంలో వింతేమీ లేదు. మనం పగలు వెళ్తాం, పగటి హోమ్‌ని చూసి వస్తాం.

హోమ్ మంచిదా కాదా అన్నది నా దృష్టిలో ఒక్క లెక్క మీద నిలబడి ఉంటుంది. అక్కడ ఉన్న ఒక్కో మనిషికి రోజులో ఎన్ని నిమిషాలు ఇంకో మనిషి చేతులు అందుతున్నాయి? గోడ మీద సర్టిఫికెట్, స్టార్ రేటింగ్, కొత్త పరుపులు, ఫిజియోథెరపీ గది, అన్నీ దీని తర్వాతే. ఇంకో మాట కూడా అంటాను, కొందరికి కోపం వస్తుంది. కుటుంబ సభ్యులుగా మనం హోమ్‌ని అడిగేవాటిలో కొన్ని, ముఖ్యంగా ‘మా నాన్న పడిపోకుండా చూడండి చాలు’ అనే మాట, ఆ నిమిషాల కొరతను దాచుకోవడానికి వాళ్లకు బాగా పనికొస్తున్నాయి.

లెక్కతోనే మొదలుపెడదాం. అమెరికా ప్రభుత్వం 2024లో ఒక నిబంధన తెచ్చింది. నర్సింగ్ అవసరమైనవాళ్లు ఉండే హోమ్‌లలో ఒక్కొక్కరికి రోజుకు కనీసం 3.48 గంటల సంరక్షణ అందాలి, అందులో కనీసం 0.55 గంట రిజిస్టర్డ్ నర్సుది, కనీసం 2.45 గంటలు ఆయాలది అని. రెండున్నర గంటలు అనగానే బోలెడు అనిపిస్తుంది. ముప్ఫై మంది ఉన్న హోమ్‌లో పెట్టి చూడండి. రోజు మొత్తానికి 73 గంటల పైచిలుకు, అంటే ఎనిమిది గంటల డ్యూటీలు తొమ్మిది. పొద్దున నలుగురు, మధ్యాహ్నం ముగ్గురు, రాత్రి ఇద్దరు. పొద్దున నలుగురు ఉంటే ఒక్కో ఆయాకు ఏడెనిమిది మంది వస్తారు. ఏడింటి నుంచి పదింటిలోపు వాళ్లందరినీ లేపాలి, బాత్రూముకు తీసుకెళ్లాలి, ఒళ్లు తుడవాలి, పళ్లు తోమించాలి, బట్టలు మార్చాలి, టిఫిన్ తినిపించాలి. మనిషికి 24 నిమిషాలు.

సరిగా మింగలేని మనిషికి పొలమారకుండా ఒక పూట తినిపించడానికే అరగంట పైన పడుతుంది. నిటారుగా కూర్చోబెట్టాలి, చిన్న ముద్ద పెట్టాలి, గొంతు దిగిందని చూసుకోవాలి, అప్పుడు ఇంకో ముద్ద. తిన్నాక అరగంటైనా పడుకోనివ్వకూడదు. తొందరపడితే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నాలుగు రోజుల తర్వాత న్యుమోనియా అంటారు. ఆ న్యుమోనియాని ఎవరూ 24 నిమిషాల పద్దులో రాయరు. వయసు మీద పడింది కదా అనేస్తారు.

అమెరికాలో ఆ మాత్రం నిబంధన కూడా నిలవలేదు. మనుషులు దొరకరు, ఖర్చు భరించలేం అని హోమ్‌ల సంఘాలు కోర్టుకు వెళ్తే, 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. నిజానికి అదే ప్రభుత్వం కోసం 2001లో చేసిన అధ్యయనం రోజుకు 4.1 గంటలు ఉండాలని తేల్చింది. అంటే సగం మనసుతో చేసిన నిబంధనే కోర్టులో ఓడిపోయింది.

ఇక రాత్రి. ముప్ఫై మందికి ఇద్దరు. అందులో ఎనిమిది మంది తమంతట తాము పక్కకు తిరగలేనివాళ్లు అనుకుందాం. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, డైపర్ చూడాలి, తడిసి ఉంటే మార్చాలి. బరువున్న మనిషిని ఒక్కరే తిప్పితే ఆయా నడుమూ పోతుంది, పెద్దాయన చర్మమూ దుప్పటికి రాసుకుని లేచిపోతుంది. కాబట్టి ఇద్దరూ కావాలి. మనిషికి పది నిమిషాల చొప్పున ఎనభై నిమిషాలు. ప్రతి రెండు గంటల్లో ఎనభై నిమిషాలు ఇద్దరూ ఏదో ఒక గదిలో బిగుసుకుపోయి ఉంటారు. ఆ సమయంలో మిగతా 22 మందిలో ఎవరు బెల్ కొట్టినా వచ్చే దిక్కు లేదు. బాత్రూముకు వెళ్లాలని బెల్ కొట్టి, ఎవరూ రాక, తనే లేవబోయి తూలిపడ్డ మనిషి గురించి మర్నాడు ‘చెప్పిన మాట వినరండీ’ అంటారు.

బెడ్‌సోర్స్ గురించి, అంటే కదలకుండా పడుకున్నవాళ్లకు ఒంటి మీద పడే పుండ్ల గురించి, కొంచెం ఎక్కువ చెప్పాలి. నన్నడిగితే, హోమ్ గురించి ఇంతకంటే నిజం చెప్పే సాక్ష్యం లేదు. ఎముక బయటికి పొడుచుకున్నట్టుండే చోట్లు, అంటే నడుం కింద, మడమలు, తుంటి పక్కలు, అక్కడ ఒళ్లు బరువుకి చర్మం కింద రక్తం ఆగిపోతుంది. గంటల తరబడి ఆగితే కండ చస్తుంది. మొదట కనబడేది ఒక ఎర్ర మచ్చ. దాన్ని వేలితో నొక్కి వదిలితే తెల్లబడాలి. తెల్లబడకుండా ఎర్రగానే ఉందంటే పుండు లోపల మొదలైనట్టు. ముదురు రంగు ఒంటి మీద ఎరుపు అంత సులువుగా కనబడదు, అక్కడ వెచ్చగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో చూడాలి. ఈ దశలో పట్టుకుంటే మందు అక్కర్లేదు, ఆ చోట బరువు పడకుండా చూస్తే చాలు. వదిలేస్తే ఎముక దాకా పోతుంది.

ఇంగ్లండ్‌లో డోరీన్ నార్టన్ అనే నర్సు, ఆమె సహచరులు 1962లోనే దీన్ని తేల్చి చెప్పారు. అప్పటిదాకా నర్సులు పుండు రాకుండా రకరకాల పూతలు పూసేవారు. ఆ పూతలతో ఒరిగేది పెద్దగా లేదని, తరచూ పక్క తిప్పడమే పని చేస్తుందని వాళ్ల పరిశీలనలో తేలింది. ఎవరికి పుండు వచ్చే ప్రమాదం ఎక్కువో మార్కులేసి చూసే పద్ధతి కూడా వాళ్లదే. ఇప్పుడు ఎక్కువగా వాడే బ్రేడెన్ స్కేల్ 1987లో వచ్చింది. స్పర్శ తెలుస్తోందా, ఒంటికి తడి తగులుతోందా, ఎంత తిరుగుతున్నారు, ఏం తింటున్నారు లాంటి ఆరు విషయాలకు మార్కులు వేస్తారు. 23కి 18 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే జాగ్రత్త పడాలి. అంటే ఎవరికి పుండు పడబోతోందో ముందే తెలుసుకునే వీలు ఆరు దశాబ్దాలుగా ఉంది. అయినా పడుతోందంటే తెలియక కాదు, తిప్పేవాళ్లు లేక.

రెండు గంటలకోసారి అన్న లెక్కను మంత్రంలా పట్టుకోనక్కర్లేదని కూడా చెప్పాలి. మంచి ఫోమ్ పరుపు ఉన్నప్పుడు రెండు గంటలకు తిప్పినా, మూడు గంటలకు తిప్పినా, నాలుగు గంటలకు తిప్పినా పుండ్లలో తేడా కనబడలేదని అమెరికా, కెనడా హోమ్‌లలో జరిగి 2013లో వెలువడిన అధ్యయనం చూపింది. నాకైతే ఇది మంచి కబురు. రాత్రి తిప్పడాలు సగానికి తగ్గితే పెద్దవాళ్లకు నిద్ర మిగులుతుంది, ఆయాలకు బెల్ విని వెళ్లే తీరిక మిగులుతుంది. కానీ చాలా చోట్ల జరిగేది వేరు. పరుపు కొంటారు, దాన్ని చూపించి మనిషిని తగ్గిస్తారు. ఎయిర్ మ్యాట్రెస్ ఉందిగా, తిప్పక్కర్లేదు అని నాతోనే ఒక సూపర్‌వైజర్ అన్నాడు. పరుపు ఎంత మంచిదైనా తిప్పడం మానెయ్యమని ఆ అధ్యయనం చెప్పలేదు.

మా పెద్దమ్మ మడమ మీద ఎర్ర మచ్చ కనబడిన సాయంత్రం నేను మంచం పక్కన తగిలించిన చార్ట్ తీసి చూశాను. రెండు గంటలకోసారి టిక్కులు, పక్కన పొట్టి సంతకాలు, ఎక్కడా ఒక్క ఖాళీ లేదు. అప్పుడు టైమ్ ఐదు కావస్తోంది. ఆరు గంటల గడిలో కూడా టిక్ పడి ఉంది. డ్యూటీలో ఉన్న ఆయాని పక్కకు పిలిచి నెమ్మదిగానే అడిగాను. ఆమె తల వంచుకోలేదు, బుకాయించనూ లేదు. ‘ఏం చెయ్యమంటారమ్మా, టిక్ లేకపోతే నాకు మెమో ఇస్తారు, తిప్పకపోతే ఎవరికీ తెలీదు’ అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. పైవాళ్లు ఏది చూస్తారో పని అక్కడే జరుగుతుంది. వాళ్లు కాగితం చూస్తున్నారు కాబట్టి కాగితం పూర్తవుతోంది.

తనిఖీలదీ ఇదే తంతు. అమెరికాలో 2008 నుంచి హోమ్‌లకు ఐదు స్టార్ల రేటింగ్ ఉంది. మొదట్లో సిబ్బంది లెక్క హోమ్‌లు తాము చెప్పిందే. 2018 నుంచి జీతాల రికార్డుల నుంచి తీసుకుంటున్నారు. ఆ రికార్డులను రోజువారీగా పరిశీలించి 2019లో పరిశోధకులు ప్రచురించిన వివరాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. శని, ఆదివారాల్లో సిబ్బంది బాగా తగ్గిపోతున్నారు. వార్షిక తనిఖీ జరిగే రోజుల్లో పెరుగుతున్నారు, తనిఖీ అయిపోగానే మళ్లీ యథాస్థితి. ఆదివారం నాడు ఒళ్లు తక్కువ బరువుండదు, దాహం తక్కువ వెయ్యదు.

‘అందరూ ఎంత ప్రశాంతంగా ఉన్నారో’ అన్న మెప్పు గురించి ఇప్పుడు. వినగానే నాకు టెన్షన్ మొదలయ్యేది ఆ మాటతోనే. డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు, ఉన్నవాళ్లు ముప్ఫై మంది ఒకచోట ఉంటే సాయంత్రం కొంత గోల ఉండాలి. ఇంటికి పోతానని ఒకరు తలుపు దగ్గర నిలబడతారు, ఒకరు వరండాలో అటూ ఇటూ తిరుగుతారు, ఒకరు ఎప్పుడో పోయిన తమ్ముడిని పిలుస్తారు. పొద్దుగూకే వేళ ఈ అలజడి పెరుగుతుంది. చాలా హోమ్‌లలో డ్యూటీ మారేదీ సరిగ్గా అప్పుడే. పెద్దమ్మ ఉన్న వరుసలోనే ఒక రిటైర్డ్ మాస్టారు రోజూ సాయంత్రం నడిచేవారు. ఎవరో ఒకరు పక్కన నడిస్తే పావుగంటలో కుదుటపడేవారు. కొంతకాలానికి ఆ పావుగంట ఇచ్చేవాళ్లు కరువై, డాక్టరు చేత ఒక మాత్ర రాయించారు. మాస్టారు కుర్చీలో జారగిలబడి కూర్చోవడం మొదలుపెట్టారు. కొడుకు వచ్చి, నాన్న బాగా నెమ్మదించారు అని మేనేజర్‌కి థాంక్స్ చెప్పి వెళ్లాడు.

ఆ మాత్రలు ఎక్కువగా మనోవ్యాధుల కోసం తయారైన యాంటీసైకోటిక్స్. డిమెన్షియా ఉన్న పెద్దలకు ఇస్తే, ఇవ్వనివాళ్లతో పోలిస్తే చనిపోయే ముప్పు దాదాపు 1.6 నుంచి 1.7 రెట్లు ఉంటోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో మందు వివరాల పత్రంలో నల్ల గడి కట్టి హెచ్చరిక వేయించింది. 2008లో పాత తరం మందులకూ అదే వర్తింపజేసింది. అసలు వాడనే కూడదని నేననను. మనిషి తనకో పక్కవాళ్లకో నిజంగా హాని చేసుకునే స్థితిలో ఉంటే డాక్టరు కొద్ది కాలం ఇవ్వొచ్చు. ముందు మాత్రం అడగాల్సినవి ఉన్నాయి. నొప్పి ఉందా, మూత్రం ఆగిందా, మలబద్ధకమా, వినికిడి మెషీన్ బ్యాటరీ అయిపోయిందా, ఆకలా? నోటితో చెప్పలేని మనిషి కాళ్లతో చెబుతాడు. అది కనిపెట్టడానికి పక్కన ఒకరు ఉండాలి, మళ్లీ అవే నిమిషాలు. మీవాళ్లు హోమ్‌లో ఉంటే మందుల చీటీ నెలకోసారైనా చూడండి, కొత్త పేరు కనిపిస్తే ఎందుకని అడగండి. ఇంతకంటే దీని మీద చెప్పడానికి లేదు.

పడిపోవడం దగ్గరికి వద్దాం. ఇక్కడ నాకూ మిగతా కుటుంబాలకూ పేచీ. తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో అందరం చూశాం కాబట్టి, ఎవరికైనా మొదటి భయం అదే. హోమ్ ఏం చేస్తుంది? మంచానికి రెండు వైపులా రెయిలింగ్ ఎత్తుతుంది, కుర్చీకి బెల్ట్ పెడుతుంది, ‘లేవద్దు’ అని రోజుకు వందసార్లు చెబుతుంది. మనకు ధైర్యంగా ఉంటుంది. లేవాలనుకున్న మనిషి రెయిలింగ్ ఎక్కి దూకుతాడు, ఇంకా ఎత్తు నుంచి పడతాడు. లేదా సందులో ఇరుక్కుంటాడు. రెయిలింగ్‌లున్న మంచాల్లో ఇరుక్కుపోయిన, చిక్కుకుపోయిన ఘటనలు 1985 నుంచి 2009 మొదటి దాకా 803 తన దృష్టికి వచ్చాయని, వాటిలో 480 మంది చనిపోయారని అదే ఔషధ నియంత్రణ సంస్థ లెక్క ఇచ్చింది. ఆసుపత్రులు, హోమ్‌లు, ఇళ్లు అన్నీ కలిపిన లెక్క అది. ఇక బెల్ట్‌తో కూర్చోబెట్టిన మనిషి కాళ్లు కొన్ని వారాల్లోనే సన్నబడతాయి, తర్వాత నిజంగానే నిలబడలేరు. క్రమశిక్షణ కోసమో సిబ్బంది సౌకర్యం కోసమో మనిషిని కట్టెయ్యకూడదని అమెరికా 1987లోనే చట్టం చేసింది. ఆ తర్వాత కట్టెయ్యడాలు బాగా తగ్గాయి.

అందుకని నేనైతే హోమ్‌తో చెబుతాను: నడవనివ్వండి, పడే ప్రమాదం కొంత ఉంటుందని మాకు తెలుసు, రాసి సంతకం పెట్టి ఇస్తాం. మంచం ఎత్తు తగ్గించండి, చెప్పులు సరైనవి వెయ్యండి, రాత్రి దీపం పెట్టండి, అడగకముందే బాత్రూముకు తీసుకెళ్లండి. ఇది విని మా అన్నయ్య నన్ను రాతి గుండె అన్నాడు. పెద్దమ్మ పడితే ఎవరిది బాధ్యత అన్నాడు. ఆ ప్రశ్న తప్పని అనను. కానీ పడనే కూడదని పట్టుబడితే హోమ్‌కి చౌకగా దొరికే దారి కట్టెయ్యడం. నడిపించాలంటే మనిషి కావాలి.

ఇంగ్లండ్‌లో 1935లో మార్జొరీ వారెన్ అనే డాక్టరు నిరుపేదల ఆసుపత్రి ఒకటి చేతికి తీసుకున్నప్పుడు, అక్కడివాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి మంచంలోనే ఉన్నారు. మంచంలో ఉండాల్సిన జబ్బు ఉండి కాదు, లేపేవాళ్లు లేక. ఆమె ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించింది, లేపి కూర్చోబెట్టింది, నడిపించింది. కొందరు ఇళ్లకు వెళ్లిపోయారు. వృద్ధుల వైద్యం ఒక ప్రత్యేక శాఖగా ఎదగడానికి దారి తీసినవాళ్లలో ఆమెను ముందు చెప్పుకుంటారు.

నిమిషాలు ఉంటే చాలా, వాటిని వాడే తీరు మాటేమిటి అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన అభ్యంతరం. చేతుల్లో కావలసినంత సమయం ఉండి కూడా ముసలామెను కసిరే ఆయాను నేనే చూశాను. కానీ ఓపిక కూడా చాలావరకు సమయంతో పాటే వస్తుంది. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కనెటికట్‌లో ఒక హోమ్‌లో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తువాళ్లకు మీ గది ఎలా ఉండాలో మీరే చూసుకోండి, ఈ మొక్కల్లో మీకు నచ్చింది తీసుకుని పెంచుకోండి అన్నారు. ఇంకో అంతస్తులో మొక్క ఇచ్చి, నీళ్లు నర్సులే పోస్తారు అన్నారు. మూడు వారాలకు మొదటి అంతస్తువాళ్లు ఎక్కువ చురుగ్గా, హుషారుగా కనిపించారు. ఈ ప్రయోగం గురించి ఎక్కడ చదివినా మొక్కల మహత్యం అన్నట్టే రాస్తారు. నాకు తోచేది వేరు. ఈ రోజు ఏ బట్టలు వేసుకుంటారు అని అడగడానికి అర నిమిషం చాలు. డిమెన్షియా ఉన్న మనిషి జవాబు చెప్పేదాకా ఆగడానికి రెండు నిమిషాలు కావాలి. ఏడెనిమిది మందిని మూడు గంటల్లో తెమల్చాల్సిన ఆయా ఆ రెండు నిమిషాలు ఎక్కడి నుంచి తెస్తుంది? చేతికి దొరికింది తొడిగేస్తుంది.

రోజూ అదే ఆయా రావడం కూడా ముఖ్యమే. నిన్నటి కంటే ఈ రోజు తక్కువ తాగారు, నడక తేడాగా ఉంది అని పట్టుకోగలిగేది నిన్న చూసిన మనిషే. జీతం చాలక నెలకొకరు మానేసే చోట ఆ పోలిక చెప్పేవాళ్లే ఉండరు. కెమెరాలు ఆ లోటు తీరుస్తాయని కొందరంటారు. కెమెరాలో కొట్టడం కనబడుతుంది. దాహం కనబడదు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడమే తగ్గుతుంది, అడగని మనిషికి గ్లాసు నోటికి అందించాలి.

డబ్బు సంగతి ఎత్తకుండా ఇదంతా మాట్లాడటం పేలవంగా ఉంటుంది. హోమ్ ఖర్చులో పెద్ద వాటా జీతాలదే. పొదుపు చేయాలనుకునే యజమాని చెయ్యి ముందు అక్కడికే పోతుంది, తోట మీదికి పోదు, ఎందుకంటే తోట మనకు కనబడుతుంది. ఆస్ట్రేలియా ఈ విషయంలో కొంత దూరం నడిచింది. 2018లో వృద్ధుల సంరక్షణ మీద రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం వేశారు. 2019లో వచ్చిన మధ్యంతర నివేదికకు వాళ్లు పెట్టిన పేరు ‘నిర్లక్ష్యం’. 2021లో తుది నివేదిక వచ్చింది. ఆ తర్వాత 2023 జూలై నుంచి ఇరవై నాలుగు గంటలూ రిజిస్టర్డ్ నర్సు ఉండాలన్నారు, 2024 అక్టోబరు నుంచి సగటున మనిషికి రోజుకు 215 నిమిషాలు, అందులో 44 నిమిషాలు నర్సువి. అది వాళ్ల ప్రభుత్వం డబ్బు పెడుతోంది కాబట్టి సాగుతోంది. అయినా ఒక ప్రభుత్వం ప్రమాణాన్ని నిమిషాల్లో రాసి చట్టంలో పెట్టిందంటే, ఇది కొలవలేని వ్యవహారం అనేవాళ్ల నోరు మూతపడాలి.

చట్టం లేని చోట కుటుంబాలే అడగాలి. పెద్దమ్మ ఉన్న హోమ్‌లో మేం కొన్ని కుటుంబాలవాళ్లం కలిసి మూడు కోరాం. ప్రతి డ్యూటీలో ఎంతమంది ఉన్నారో తలుపు దగ్గర బోర్డు మీద రాయాలి, రాత్రిదీ ఆదివారందీ కూడా. నెలనెలా ప్రతి ఒక్కరి బరువు తూచి ఇంటివాళ్లకు చెప్పాలి. నెలలో ఐదు శాతం, ఆరు నెలల్లో పది శాతం బరువు తగ్గితే ఎక్కడైనా ప్రమాద సంకేతమే, దానికి ఖరీదైన పరీక్షలేం అక్కర్లేదు, తూకం మెషీన్ ఉంటే చాలు. మూడోది, టిక్కుల చార్ట్ తీసేసి, చర్మం ఎలా ఉందో రోజుకోసారి నర్సు చూసి రాయాలి.

మేనేజర్ మొదట నొచ్చుకున్నాడు, మీకు మా మీద నమ్మకం లేదా మేడమ్ అన్నాడు. నమ్మకం సంగతి తర్వాత, బోర్డు పెట్టండి అన్నాం. బరువులు వెంటనే మొదలయ్యాయి. మొదటి నెలలోనే ఇద్దరు బాగా తగ్గినట్టు తేలింది, ఒకామెకు కట్టుడు పళ్లు వదులై నమలలేకపోతోంది, అంతవరకు ఎవరూ గమనించలేదు. చర్మం చూసి రాయడం కొన్నాళ్లు సాగి, నర్సు మానేశాక ఆగి, కొత్త నర్సు వచ్చాక మళ్లీ మొదలైంది. బోర్డు కూడా పెట్టారు. పగటి డ్యూటీల లెక్క రోజూ రాస్తారు. రాత్రి గడి నింపించడానికి ప్రతిసారీ అడగాల్సి వచ్చేది. పెద్దమ్మ పోయాక నేను అక్కడికి వెళ్లడం తగ్గింది. మిగతా కుటుంబాలవాళ్లు ఆ గడి గురించి ఇంకా అడుగుతూనే ఉన్నారు.